మిగిలిన కొలత

నవలాకారుడి ఇంటికి కండె వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడైంది. ఆకాశం నిండా మబ్బు కమ్మి, వీధి వీధంతా దీపం ఆర్పిన గదిలా ఉంది. చినుకు మాత్రం ఇంకా రాలలేదు. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మెట్ల గోడలకి సున్నం పెచ్చులూడుతోంది. కింద ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్న వాసన పైదాకా ఆమె వెంటే వచ్చింది. భుజాన సంచీలో చిన్న రికార్డరు, రూళ్ళ నోటు పుస్తకం, రెండు పెన్సిళ్ళు. వాటికంటే బరువైంది ఇంకోటి ఉంది, అది సంచీలో పట్టేది కాదు. పందొమ్మిదేళ్ళుగా మోస్తున్న పగ.

కండె అసలు పేరు కాదు. చిన్నప్పుడు కాలు నిలవకుండా ఇల్లంతా తిరుగుతుంటే, "దారం చుట్టే కండె నయం, అదైనా సాయంత్రానికి ఆగుతుంది" అని వాళ్ళమ్మ నవ్వేది. ఆ పేరే ఉండిపోయింది. అమ్మ పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళూ లేరు. పెంచిన పిన్ని, లైబ్రరీలో పని చేసే అమ్మ చెల్లెలు, కూడా అసలు పేరే పిలిచేది.

అమ్మది దర్జీ పని. వీధి వైపు ఒకే ఒక్క గది, అందులోనే మిషను, బల్ల, వెనక తెరకట్టి మంచం. మగవాళ్ళ చొక్కాలు కుట్టడంలో ఆమెది తిరిగిన చెయ్యి. ఎడమ కాలు కాస్త పొట్టి. అందుకని ఆమె మిషను తొక్కితే చప్పుడు అందరి మిషన్లలా సాఫీగా వచ్చేది కాదు. టక టక టక... ఆగి, మళ్ళీ టక టక టక... ఆగి. అమ్మ టేపు పట్టుకుని కొలత చెబుతుంటే కండె గోడకానుకుని కూర్చుని నోటు పుస్తకంలో ఎక్కించేది. నోట్లో గుండుసూదులు ఉండడంతో అమ్మ మాట ముద్దముద్దగా వచ్చేది. "రాసుకో. భుజం, పద్దెనిమిది. రాసుకో. చెయ్యి, ఇరవైనాలుగు."

రెండు వీధుల అవతల ఉండే నవలాకారుడూ అక్కడే చొక్కాలు కుట్టించుకునేవాడు. అప్పటికి ఆయనది ఒక్క పుస్తకమూ రాలేదు. మొదటి నవల వచ్చాక తెలిసింది, కొలతలు తీసుకుంది అమ్మ ఒక్కతే కాదని.

ఆ నవలలో ఒక కుంటి దర్జీ ఉంది. కొలతల వంకతో మగవాళ్ళని వలలో వేసుకుని మూడు కాపురాలు కూలుస్తుంది. ఆమె ఎడమ కాలు పొట్టి. చెవి కింద పుట్టుమచ్చ. నోట్లో గుండుసూదులు. అన్నీ అమ్మవే. పేరొక్కటే వేరు. నవల వేడి వేడి పకోడీల్లా అమ్ముడుపోయింది. "నిప్పు లేకుండా ఊరికే రాస్తారా?" అంది ఒకావిడ. మర్నాడు ఆమె భర్త వచ్చి కత్తెర పెట్టని గుడ్డ వెనక్కి పట్టుకుపోయాడు. తర్వాత ఇంకొకడు. నెల తిరిగేసరికి అల్మారా ఖాళీ. తలుపు మీద ఎవరో సుద్దతో ఒక మాట రాశారు. అమ్మ తడిగుడ్డతో తుడిచింది. మర్నాడు మళ్ళీ రాశారు. అది అమ్మ కొట్లోని సుద్దే.

అమ్మ కండె చెయ్యి పట్టుకుని ఆయన గడప దాకా వెళ్ళింది. "ఒక్క పేజీ రాయండి బాబూ. అది నేను కాదని. రెండో ముద్రణలో వెయ్యండి చాలు."

"అది కథమ్మా. కథని కథలాగే చూడాలి" అన్నాడాయన, తలుపు సగం మూసి.

"కథైతే నా కాలెందుకండీ అందులో?"

తలుపు పూర్తిగా మూసుకుంది.

ఆ తర్వాత రెండు నెలలకి, బళ్ళో పిల్లలు ఏడిపిస్తున్నారని కండెని పిన్ని దగ్గరికి పంపిన వారంలో, అమ్మ పోయింది. లోపల గడియ పెట్టి ఉంది. మూడో రోజుకి గానీ తలుపు పగలగొట్టలేదు. మిషను మీద తల వాల్చి, కునుకు తీస్తున్నట్టే ఉందట. సూదిలో దారం ఎక్కించే ఉందట. డాక్టరు జ్వరమని రాశాడు. కండె వయసు తొమ్మిదేళ్ళు. డాక్టరు ఏది రాసినా, అమ్మని ఎవరు చంపారో ఆ వయసులోనే తేల్చుకుంది.

ఇప్పుడామె ఒక వారపత్రికలో విలేకరి. సంపాదకుడు ఇచ్చిన పని తేలికైనదే. "ప్రేమ కథతో మొదలెట్టి డిటెక్టివ్, చరిత్ర, సైన్సు, పిల్లల నవల, హాస్యం... ఒక్క మనిషి ఇన్ని రకాలు ఎందుకు రాశాడో కనుక్కో. మూడేళ్ళుగా ఎవరికీ ఇంటర్వ్యూ ఇవ్వని మనిషి, నీ పేరు చెప్పగానే సరేనన్నాడు. అదృష్టమంటే నీదే." మొదటిది తప్ప ఆయన పుస్తకం ఒక్కటీ తెరవని కండె లోపల్లోపల వేరే లెక్క వేసుకుంది. మాటల్లో పెట్టి మొదటి నవల దగ్గరికి తీసుకురావాలి. అంతా అబద్ధమని ఆయన నోటితోనే అనిపించాలి. అచ్చులో ఆయన పరువు తియ్యాలి. అమ్మ తలుపు మీద ఎవరో రాసిన మాటలాగే, తుడిచినా పోకుండా.

ఆయనే తలుపు తీశాడు. ఫోటోల్లో బొద్దుగా ఉండే మనిషి ఎండిపోయి పుల్లలా ఉన్నాడు. చొక్కా మెడ గుండీ పెట్టుకోలేదు. చెయ్యి మాటిమాటికీ గొంతు మీదికి పోతోంది. ముందు గదిలో రెండు కుర్చీలు, ఒక రాతబల్ల. పక్క గదిలో ఆయన నవలల కట్టలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. కండె చూస్తుండగానే వెళ్ళి ఆ గది తలుపు మూసి గడియ పెట్టాడు. గడియ పడిందో లేదో మళ్ళీ ఒకసారి లాగి చూశాడు.

కండె రికార్డరు నొక్కింది. "ఇన్ని రకాల నవలలు రాయడానికి కారణమేమిటి సార్?"

"ఒకటే కూర రోజూ వండితే మొహం మొత్తదూ? రచయితైనా అంతే" అన్నాడు. పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. కండె రాసుకుంటుంటే ఆపాడు. "అది అందరికీ చెప్పే జవాబు. కొట్టెయ్యి. నీకు చెప్పాల్సింది వేరే ఉంది."

"నాకా?"

"నువ్వెవరో నాకు తెలుసమ్మాయ్. ఆ రోజు మా గడపలో నిలబడ్డావు. మీ అమ్మ మాట్లాడుతున్నంత సేపూ నువ్వు నా మొహం చూడలేదు, నా చొక్కా చూశావు. మీ అమ్మ కుట్టిన చొక్కా."

కండె నోటు పుస్తకంలోకి చూసింది. ఎన్నో ఏళ్ళుగా రాసి పెట్టుకున్న ప్రశ్నలన్నీ ఒక్కసారిగా ఎటు పోయాయో పోయాయి.

"మీ అమ్మ పోయిన ఏడాదే రెండో నవల రాశాను" అన్నాడాయన. "ప్రేమ కథే. ప్రెస్సు వాడు ఫోన్ చేశాడు. 'సార్, ఏడో అధ్యాయంలో ఈ కుంటి దర్జీ ఎవరు? పెళ్ళికొడుకు దగ్గరికొచ్చి, భుజం పద్దెనిమిది అని చెప్పి వెళ్ళిపోతుంది, మళ్ళీ కనపడదేం?' అని. నేను అటువంటి మనిషిని రాయలేదు. కాగితాలు తెప్పించుకుని చూశాను. నా చేతిరాతే. కొట్టేశాను. పుస్తకం వచ్చాక చూస్తే ఆ ముక్క అలాగే ఉంది."

"మీ మనసులో ఉంది, మీ చెయ్యి రాసింది. అంతే" అంది కండె.

"నేనూ అదే అనుకున్నాను. సంసారాల కథల్లో ఆవిడకి చోటుంది, అందుకే వస్తోంది, చోటు లేని కథ రాద్దామనుకున్నాను. డిటెక్టివ్ నవల పట్టుకున్నాను. హత్య జరిగిన గదిలో ఒకే ఒక్క సాక్షి. ఎవరనుకున్నావు? ఇన్‌స్పెక్టరు పేరడిగితే, 'చెయ్యి, ఇరవైనాలుగు' అంటుంది. మిషనే పుట్టని కాలానికి పోదామని రాజుల కథ రాశాను. గుడారంలో సూదితో కుడుతూ కూర్చుంది. అంతరిక్షంలోకి పారిపోయాను. అక్కడా వచ్చింది. పిల్లల నవలలో కుందేలుకి కోటు కావాలి. కుట్టేది పిచ్చుకమ్మ అని రాశానమ్మాయ్, పిచ్చుక అని! అచ్చయ్యేసరికి ఆ పిచ్చుక ఎడమ కాలు ఈడుస్తూ నడిచింది." ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "జనం నన్ను ఏ రకమైనా రాయగలడని మెచ్చుకున్నారు. నేను రాయలేదు. పరిగెత్తాను."

"ఆ కొలతలు..."

"నావే. ప్రతిసారీ టేపు పెట్టి చూసుకున్నాను. అరంగుళం తేడా లేదు. చిక్కిపోయిన ఏడాది నడుము కొలత కూడా చిక్కింది. హాస్య నవలలో మణికట్టు చెప్పింది. అప్పుడు కలం కింద పెట్టాను. మూడేళ్ళయింది, ఉత్తరం ముక్క కూడా రాయలేదు." ఆయన ముందుకి వంగాడు. "దర్జీ కూతురివి. నువ్వు చెప్పు. చొక్కాకి ఇంకేం మిగిలింది?"

"మెడ" అంది కండె.

"కొలతలన్నీ అయ్యాక దర్జీ ఏం చేస్తుంది?"

బయట పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. "కత్తెర తీస్తుంది" అంది కండె నెమ్మదిగా.

వాన ఒక్కసారిగా కుండపోతగా దిగింది. కిటికీ అద్దాలు మసకబారాయి. పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు నిదానించి, నిదానించి... ఆగిపోయాయి. కరెంటు పోయింది. సాయంత్రం నాలుగైనా కాలేదు, గదిలో మనిషి మొహం మనిషికి ఆనడం లేదు. తడి మట్టి వాసన రావాల్సింది. రాలేదు. మిషను నూనె వాసన వచ్చింది. దాని వెనకే కొత్త గుడ్డ గంజి వాసన.

ఆయన బల్ల సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. "ఇదిగో. మీ అమ్మ అడిగిన పేజీ. నిన్న రాశాను. మూడేళ్ళ తర్వాత పట్టిన కలం. అచ్చు వేయించుకో."

కిటికీ దగ్గరికి పోయి, ఉన్న కాస్త వెలుతురులో కండె చదివింది. దొంగ మాట ఒక్కటి లేదు. నా మొదటి నవలలో దర్జీ గురించి రాసినదంతా అబద్ధం, ఆమె ఎవరి జోలికీ పోని మనిషి, ఆమె చావుకి నేనే కారణం. కింద సంతకం, తేదీ. ఇన్నేళ్ళుగా కోరుకున్నది చేతిలోకి వచ్చింది. కానీ ఏ సంతోషమూ రాలేదు. ఆకలితో ఉన్నవాడికి ఖాళీ కంచం కడిగి ఇచ్చినట్టుంది. పందొమ్మిదేళ్ళ కింద, ఆ గడపలో, ఇదే కాగితం ఇచ్చి ఉంటే అమ్మ బతికేది.

"సరిపోయిందని చెప్పు" అన్నాడాయన గుసగుసగా. "నువ్వు చెబితే వింటుంది. అందుకే నిన్ను రమ్మన్నాను."

"ఎవరికి చెప్పాలి?"

ఆయన మూసిన తలుపు వైపు చూశాడు.

అప్పుడు వినిపించింది.

టక టక టక... ఆగింది.

టక టక టక... ఆగింది.

వాన చప్పుడు కాదు. గొట్టంలో నీళ్ళు కాదు. ఆ చప్పుడు వింటూ తొమ్మిదేళ్ళు నిద్రపోయిన మనిషి పొరబడదు.

"ఆ గదిలో మిషను ఉందా?"

"ఈ ఇంట్లో సూది కూడా లేదమ్మా..."

టక టక టక...

ఈసారి ఆగింది, మళ్ళీ మొదలవలేదు. గడియ పెట్టిన తలుపు అలాగే ఉంది. అయినా నేల మీద అడుగులు... ఒకటి గట్టిగా, ఒకటి ఈడ్చుకుంటూ. తలుపుకి అవతల. తర్వాత... తలుపుకి ఇవతల. గదిలో ఏమీ కనపడలేదు. చీకట్లో చీకటి కాస్త చిక్కబడింది, అంతే. ఆయన కుర్చీ వెనక.

"చెప్పమ్మా... సరిపోయిందని చెప్పు... నీకు దణ్ణం పెడతాను..."

కండె నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో తలుపు మీద సుద్ద రాత, దాన్ని తుడుస్తున్న అమ్మ చెయ్యి కళ్ళ ముందు కదిలాయి.

"సరిపోలేదు" అంది.

ఆయన కుర్చీ వెనక నుంచి, గుండుసూదులు పంటి కింద పెట్టుకున్న ముద్దమాట వచ్చింది.

"కండే... రాసుకో."

పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ పేరు. ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఎప్పుడు కూర్చుందో, గోడకానుకుని నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో నోటు పుస్తకం. చేతిలో పెన్సిలు.

"రాయకు!" ఆయన గొంతు చీలింది. "నీ కాళ్ళు పట్టుకుంటాను, రాయకు! ఆ కథ నేను పుట్టించలేదు... మీ పిన్ని చెప్పింది! లైబ్రరీలో పని చేసేది కదా... వారం వారం వచ్చి ఆ కుర్చీలోనే కూర్చుని చెప్పేది. అక్కకి ఫలానా వాడితో ఉందట అని... నేను మెచ్చుకుంటానని, పుస్తకంలో పడుతుందని... నేను రాశానంతే!"

పెన్సిలు ఆగింది.

కండెకి పిన్ని కనిపించింది. తల దువ్విన పిన్ని, జ్వరమొస్తే పక్కన కూర్చున్న పిన్ని, అమ్మ గురించి అడిగితే చాలు లేచి వంటింట్లోకి పోయే పిన్ని.

"మెడ..." అంది ఆ గొంతు.

ఆయన మెడ పదిహేనుంటుంది. చిక్కిపోయాడు కాబట్టి పద్నాలుగున్నర. కండె కంటితోనే చెప్పగలదు.

"...తొమ్మిది."

తొమ్మిదంటే చంటిపిల్ల మెడ. చిన్నప్పుడైతే, "అమ్మా, తప్పు చెప్పావు, మళ్ళీ చూడు" అనేది. అమ్మ నవ్వి మళ్ళీ టేపు పెట్టేది. ఇప్పుడూ అలా అనవచ్చు. ఆయన ఆమె వైపే చూస్తున్నాడు. పిల్లాడిలా తల అడ్డంగా ఊపుతున్నాడు.

కండె రాసింది. మెడ, తొమ్మిది. పెన్సిలు మొన విరిగేంత ఒత్తి రాసింది.

ఆయన రెండు చేతులూ గొంతు మీదికి పోయాయి. అరుపు రాలేదు. కాళ్ళు మాత్రం నేలని తన్నాయి. టక టక టక... ఆగి... టక టక టక... తర్వాత ఆగిపోయాయి.

వాన వెలిసింది. ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది.

కండె కింది అంతస్తు వాళ్ళని పిలిచింది, డాక్టరు వచ్చాడు. "గుండె" అన్నాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. మెడ చుట్టూ వేలంత వెడల్పున ఎర్రటి చార ఉంది. దాన్ని చూసి కాసేపు ఆగాడు. ఆయన చొక్కా కాలరు తీసే ఉంది. గొంతు దగ్గర దారప్పోగు కూడా లేదు. "గుండే" అన్నాడు మళ్ళీ, ఈసారి తనకి తను చెప్పుకుంటున్నట్టు. పక్క గది తలుపు గడియ పెట్టినట్టే ఉంది.

కండె ఆయన రాసిన పేజీ సంచీలో పెట్టుకుంది. కొలత రాసిన కాగితం చింపి, ముక్కలు చేసి, వీధి కాలవలో నీళ్ళకి వదిలింది. బస్సులో కిటికీకి తల ఆనించి, తను చేసింది తప్పా కాదా అని వెతుక్కుంది. తప్పు దొరకలేదు. దొరకనందుకే భయమేసింది.

బస్సు దిగాక మళ్ళీ వాన పట్టుకుంది. ఇంటికి వెళ్ళేసరికి పిన్ని తువ్వాలు అందించి, కాఫీ గ్లాసు తీసుకొచ్చింది. "తడిసి ముద్దయ్యావు. ఏమన్నాడే ఆ మనిషి?"

"పోయాడు" అంది కండె.

పిన్ని చేతిలో గ్లాసు ఒక్క క్షణం ఆగింది. "ఏమైనా... చెప్పాడా?"

కండె ఆమె మొహం చూసింది. నెరిసిన జుట్టు, కళ్ళ కింద సంచులు. తనకి అన్నం పెట్టిన చేతులు. అడగాలనుకుంది. అడిగితే ఇంటి పునాది కదులుతుంది. "లేదు. ఏమీ చెప్పలేదు" అంది. పిన్ని గట్టిగా ఊపిరి వదిలి వంటింట్లోకి పోయింది. ఆ ఊపిరి విన్నాక కండెకి ఇంక అడగాల్సింది ఏమీ మిగల్లేదు. ఆ కొలతలు ఇక పిన్ని వైపు తిరగకుండా ఆపాలనుకుంది. నిజంగానే ఆపాలనుకుంది. నోటు పుస్తకం, రెండు పెన్సిళ్ళు పెట్టెలో పడేసి, తాళం వేసి, తాళంచెవి దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఒక్క అక్షరం రాయలేదు. కలలో కూడా రాయలేదు.

తెల్లారి మళ్ళీ చినుకులు పడుతున్నాయి. పిన్ని పనికి బయల్దేరుతూ, గుమ్మం పక్క అద్దం ముందు నిలబడి రెయిన్‌కోటు వేసుకుంటోంది. ఒక చెయ్యి దూర్చింది. బలవంతాన రెండోది దూర్చింది. కోటు అటూ ఇటూ లాక్కుంది.

"ఇదేమిటే?" అంది విసుగ్గా, అద్దంలోంచి కండె వైపు చూస్తూ. "నిన్నటిదాకా వదులుగా వేలాడేది. రాత్రికి రాత్రి భుజాల దగ్గర ఎవరు కుట్టి బిగించారు దీన్ని?"